పక్కావిడ ఊపిరి

ఆ ఏడు వానలు పట్టుకున్న వారంలోనే మా ఇంట్లోకి రెండు వచ్చాయి. ఒకటి ప్లగిన్ల బండిల్, రెండోది మా అత్త దగ్గు. బండిల్‌ను నేనే కోరి తెచ్చుకున్నాను. దగ్గును చల్లగాలి మీదకి తోసేసి ఊరుకున్నాం.

నేను పాటలు మిక్సింగ్ చేస్తాను. ఎవరో పాడి, ఎవరో వాయించి పంపిన ముక్కల్ని కంప్యూటర్లో పరుచుకుని, గొంతు ఎక్కడుండాలో గిటారు ఎక్కడుండాలో చూసుకుని, చివర్న మాస్టరింగ్ అని ఆఖరి మెరుగు పెట్టి పంపిస్తాను. ప్లగిన్ అంటే ఆ పనికి వాడే పనిముట్టు. తెర మీద చిన్న పెట్టె, దానికి నాలుగు నాబులు. ఒకటి గొంతుకు నిగారింపు పెడుతుంది, ఒకటి ఇరుకు గదిని పెద్ద హాలు చేస్తుంది, ఒకటి ‘స’లూ ‘శ’లూ చెవిలో గుచ్చుకోకుండా చూస్తుంది. అలాంటివన్నీ కట్టగట్టి ఇస్తే బండిల్. అందులో సగం నేను ఈ రోజుకీ తెరవలేదు. గిన్నెల సెట్టు కొన్నవాళ్ళు అన్ని గిన్నెల్లోనూ వండుతారా ఏంటి.

మా అత్త కోరస్ గాయని. ముందు మైకులో ఎవరో పాడుతుంటే వెనక వరసలో నిలబడి అందుకున్న మనిషి. ఆవిడ గొంతు కలవని పాట ఆ రోజుల్లో తక్కువ, ఆవిడ పేరు పడ్డ క్యాసెట్ అట్ట మాత్రం ఒక్కటీ లేదు. పాడడం మానేసి, నా వంటకీ నడకకీ మిక్సింగుకీ వంకలు పెట్టుకుంటూ కాలక్షేపం చేస్తున్న మనిషికి ఆ వానల్లో అదృష్టం తలుపు తట్టింది. నాకు పనులిచ్చే నిర్మాత ఒకాయన ఉన్నాడు. ఏది అడిగినా నిన్నటికే కావాలంటాడు కాబట్టి మేం తొందరాయన అంటాం. పసిపిల్లల్ని పడుకోబెట్టే పాటలతో ఒక ఆల్బమ్ తియ్యాలని ఆయన గొంతు వెతుకుతున్నాడు. ఏదో పని మీద మా ఇంటికొచ్చి, వంటింట్లోంచి వస్తున్న కూనిరాగం విని, చెప్పులు విప్పకుండానే లోపలికెళ్ళి అత్త ఎదురుగా నిలబడ్డాడు.

“నాకు కావలసిన గొంతు ఇదేనమ్మా. అట్ట మీద మీ పేరు ఒక్కటే వేస్తా. వానలు వెనకబట్టేలోగా అయిపోవాలి.”

అత్త గరిటె కింద పెట్టింది. “పెద్ద అక్షరాలతో వేస్తారా?” అని మాత్రం అడిగింది.

మా మేడ మీద గది గోడలకి పాత బొంతలు కొట్టి ఉంటాయి. కిటికీ మూసేస్తే వాన చప్పుడు కూడా దూరంగా వెళ్ళిపోతుంది. మొదటి పాట పాడి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన గొంతు తను వింటున్న అత్త ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

“ఆ బుసలేంటే? గదిలో పాముల్ని పెంచుతున్నావా?”

“మీ ఊపిరే అత్తయ్యా.”

“నాదా? నలభై ఏళ్ళు పాడాను. నా ఊపిరి విన్నవాడు ఇంకా పుట్టలేదు.”

తప్పు ఆవిడది కాదు. జోలపాటని మెల్లగా పాడతారు. ఆ మెల్లని గొంతు తేలాలంటే హెచ్చుతగ్గుల్ని పిండి సమం చెయ్యాలి. అలా చేసినప్పుడు పాటతో పాటు ఊపిరి కూడా పెరుగుతుంది. ఇదంతా చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“కోరస్‌లో ఒక పద్ధతుందే. సాగే స్వరం దగ్గర అందరూ ఒక్కసారి ఊపిరి తీసుకోకూడదు. పక్కావిడ పాడుతున్నప్పుడు నేను తీసుకోవాలి, నేను పాడుతున్నప్పుడు పక్కావిడ తీసుకోవాలి. వంతులు. వినేవాడికి స్వరం తెగదు, మా ఊపిరి వినపడదు. పక్కావిడ ఊపిరి మీద మనం నిలబడతాం. ఇక్కడ నాకు పక్కావిడ లేదుగా.”

అప్పుడు నేను బండిల్లోంచి ఒక ప్లగిన్ తీశాను. దాని పని ఒక్కటే, పాట మధ్యలో ఊపిరి చప్పుడు ఎక్కడుందో పట్టుకుని చెరిపేస్తుంది. నాబు కొంచెం తిప్పగానే బుసలు పోయాయి. మాటకీ మాటకీ మధ్య పట్టులాంటి నిశ్శబ్దం. అత్త కళ్ళు మూసుకుని పాటంతా వింది.

“అయితే ఇదే నా పక్కావిడ,” అంది.

అప్పటినుంచీ ఆ ప్లగిన్ పేరు మా ఇంట్లో పక్కావిడ. పొద్దున మెట్లెక్కుతూనే “పక్కావిడ వచ్చిందా?” అని అడిగేది. పాడుతున్నంతసేపూ తన హెడ్‌ఫోన్లలో కూడా అదే ఉండాలి. తన ఊపిరి చెవిలో పడితే పాట మీద మనసు నిలవదట. సరేనని వేశాను. అలా ఆ గదిలో పాడే ఆవిడా, వినే నేనూ, ఇద్దరం పక్కావిడ వడకట్టి ఇచ్చిన గొంతునే వింటూ కూర్చున్నాం.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. సాయంత్రం ఒంటినిండా గ్రీజుతో వచ్చి, చేతులు కడుక్కుని, ఆ రోజు పాట వినేవాడు. “అమ్మకి వయసు వెనక్కెళ్తోందే,” అనేవాడు. డిపోలో వాళ్ళకి వినిపించేవాడు. మెత్తగా, ఎక్కడా తెగకుండా సాగిపోయే ఆ గొంతు విని, ఇది మీ అమ్మది కాదు, ఎవరో పాతికేళ్ళ పిల్లది అని వాళ్ళు పందాలు కాసేవారట.

పాటలు ఒక్కొక్కటే పూర్తవుతున్నాయి. వానలు ముదిరాయి. ఈలోగా అత్త తిట్లు పొట్టివయ్యాయి. ఒకప్పుడు చారులో ఉప్పు ఎక్కువైతే మా పుట్టింటి నుంచి మొదలుపెట్టి, మా మేనత్తల్ని పలకరించి, చివరికి చారు దగ్గరకొచ్చేది. ఇప్పుడు “ఉప్పు,” అని ఊరుకుంటోంది. పేరొచ్చే వేళకి మనిషి మెత్తబడిందనుకుని లోపల్లోపల సంతోషించాను కూడా. మెట్ల మలుపు దగ్గర ఆగి వాన చూసేది. ఇంతకుముందు వాన మొహం చూసి ఎరగదు. వంటింట్లో కూనిరాగం మానేసింది. ఎందుకని అడిగితే, “గొంతు దాచుకోవద్దా,” అంది.

నాబు మాత్రం ప్రతి పాటకీ ఇంకాస్త తిప్పాల్సి వస్తోంది.

చివరికి రెండు పాటలు మిగిలాయనగా పక్కావిడ మాటలు మింగడం మొదలుపెట్టింది. ‘హాయిగా నిదరపో’ అని అత్త పాడింది, నా ఎదురుగా కూర్చుని పాడింది, పెదాలు కదలడం నేను చూశాను. తిరిగి పెడితే ‘హాయిగా’ లేదు. ఆ చోట నిశ్శబ్దం, తర్వాత ‘నిదరపో’. ఇంకో చరణంలో ‘అమ్మ’ పోయింది. నేను ప్లగిన్‌ని తిట్టుకున్నాను. తీసేసి మళ్ళీ వేశాను. అయినా అదే తీరు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, ఆడలేనిది నేను, ఓడు మద్దెల అది.

మర్నాడు అత్త కింద కునుకు తీస్తుంటే, ఏ అక్షరాలు పోతున్నాయో చూద్దామని కూర్చున్నాను. ఆ ప్లగిన్‌కి మూల ఒక బటన్ ఉంది. అది నొక్కితే పాట వినపడదు, పాటలోంచి తీసేసిందే వినపడుతుంది. చెత్తబుట్ట బోర్లించి చూడడం లాంటిది. నొక్కాను.

మొదట నాకు అర్థం కాలేదు. వరసగా ఊపిరులు. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి. ప్రతి ఊపిరి చివరా సన్నగా ఈల, పగిలిన పీపీలోంచి వచ్చినట్టు. మాటకీ మాటకీ మధ్యే కాదు, మాట మధ్యలో కూడా. ‘హాయిగా’ అన్న మాట ఆ ఊపిరుల్లో ఒక ఊపిరిలా దొరికింది. ప్లగిన్ తప్పేం చెయ్యలేదు. మాటేదో ఊపిరేదో తేడా చెప్పడానికి ఆ గొంతులో ఏమీ మిగల్లేదు. మొదటి పాట తీసి అందులోనూ ఆ బటన్ నొక్కాను. నాలుగైదు చిన్న ఊపిరులు, అంతే. రెండో పాట, మూడో పాట, నాలుగోది. ఒక్కో పాటకీ చెత్త పెరుగుతూ వచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి పడేసి లేచాను.

కిందికి దిగబోతే అత్త మెట్ల మలుపు దగ్గర గోడకి ఆనుకుని ఉంది. కిటికీలోంచి వాన చూడట్లేదు. గోడనే చూస్తోంది.

“అత్తయ్యా, మీకు ఊపిరి అందట్లేదు.”

“ఊపిరి అందట్లేదని... కోరస్ దానికి... నువ్వు చెప్పాలా?”

“ఎన్నాళ్ళనుంచి?”

ఆవిడ చెయ్యెత్తి ఆగమంది. ఊపిరి కూడగట్టుకుని మాట్లాడింది. “మొదటి పాటకే తెలుసు. పక్కావిడ ఉందిగా అని ధైర్యం.”

“రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

“డాక్టర్లు ముందు వద్దంటారు, తర్వాత మందు రాస్తారు. పాడొద్దంటే నా పేరేమవుతుంది? రెండు పాటలే కదే. అయ్యాక ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా. వాడికి చెప్పకు.”

ఆవిడ నా భుజం పట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కింది. ఆ చెయ్యి అంత బరువుగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఆ రోజు పాడిన పాటలో సగం మాటలు పోయాయి. అదే ఆఖరికి ముందు పాట.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. అత్త కింద వంటింట్లో ఉంది. ఎలా చెప్పాలో నాకు తోచలేదు. నా నోటికి ఊరంతా దడుస్తుంది కానీ ఆ వేళకి అది పని చెయ్యలేదు. అతన్ని పైకి పిలిచి, హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టి, ఆ బటన్ నొక్కాను.

అతను ఇంజను వినేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు. తల కాస్త పక్కకి వంచి, కళ్ళు చిట్లించి.

“ఇప్పుడు బండి చప్పుళ్ళు కూడా రికార్డు చేస్తున్నావా?” అన్నాడు.

“ఎలా ఉంది?”

“ఎక్కడిదిది? గాలి లాగట్లేదు. లాగలేక గింజుకుంటోంది. దీన్ని రోడ్డెక్కించకూడదు, మధ్యలో వదిలేస్తుంది.”

నేను బటన్ వదిలేశాను. చెత్త పోయి పాట వచ్చింది. వాళ్ళమ్మ గొంతు, మెత్తగా, ఎక్కడా తెగకుండా. అతను పాటంతా విన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, వైరుని చుట్టలు చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాడు. “కారు తీసుకొస్తా, డిపోలో అడిగి,” అన్నాడు.

అత్త నాతో మాట్లాడకుండా కారెక్కింది. దిగేటప్పుడు మాత్రం, “కందకి లేని దురద కత్తిపీటకెందుకే,” అంది. అది చెప్పడానికి రెండుసార్లు ఆగింది.

డాక్టరమ్మ ఆవిడ వీపు మీద చాలాచోట్ల గొట్టం పెట్టి వింది. ఛాతీ ఫోటోలు తీయించింది. ఊపిరితిత్తులు లోపల గట్టిపడిపోతున్నాయని, అయింది వెనక్కి రాదని, ఇక మీదటిది నెమ్మదించేలా చూడగలమని చెప్పింది. చివర్న మా ఇద్దరి వంకా చూసింది.

“ఇంత చప్పుడు... ఇంట్లో ఎవరికీ వినపడలేదా?”

అత్తే జవాబు చెప్పింది. “మా వాళ్ళకి... చెవులు బాగానే ఉన్నాయమ్మా. నేనే... పక్కావిణ్ణి పెట్టుకున్నా.” డాక్టరమ్మకి అర్థం కాలేదు.

ఆక్సిజన్ మిషన్ ఇంటికొచ్చింది. అత్త మంచం పక్కన పెట్టాం. సన్నటి గొట్టం ముక్కు దగ్గర, మిషన్ పొద్దస్తమానం గురగుర. మేడ మీదికి ఎక్కడం ఆగిపోయింది. తొందరాయన చూడ్డానికొచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని మరీ వచ్చాడు. అది చూసి నాకు భయం పుట్టింది.

“ఉన్నవాటితో సరిపెడదామమ్మా,” అన్నాడు. “ఆరోగ్యం ముఖ్యం.”

“ఆఖరి పాట... లేకుండా... పేరు వేస్తారా?”

ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆఖరి పాట పేరే ఆల్బమ్ పేరు. ఆ పాట చివర ఒక స్వరం సాగుతుంది, పిల్ల నిద్రలోకి జారుకునేదాకా సాగాలని రాసుకున్నారు. దాని కోసమే ఆల్బమంతా.

అత్త కొడుకు వంక తిరిగింది. “నువ్వు వద్దంటే మానేస్తా. కానీ అట్ట మీద పేరు చూడకుండా పోతే... గబ్బిలమై నీ డిపోలో వేలాడతా.”

అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు. డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ పాటకి ఒప్పుకోలేదు. మాట్లాడొచ్చా అని అడిగాడు. కొంచెం కొంచెం మాట్లాడొచ్చంది. “అయితే పాటని మాట్లాడినట్టు పాడు,” అన్నాడు తల్లితో. ఆ రాజీ ఎవరు ఎవరి కోసం చేసుకున్నారో నాకిప్పటికీ తెలీదు.

మైకుని మంచం దగ్గరికి తెచ్చాను. మిషన్ గురగుర మైకులో పడుతుంది కాబట్టి పాడేటప్పుడు దాన్ని ఆపాలి. మా ఆయన స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. నేను తల ఊపితే ఆపుతాడు. అత్త ఒక్క మాట పాడుతుంది. మళ్ళీ వేస్తాడు. మధ్యాహ్నమంతా అలాగే. ఆపడం, ఒక మాట, వెయ్యడం. అతను నా వంక చూడడం మానేశాడు. తల్లి పెదాల రంగు చూస్తూ, నేను చెప్పకుండానే వేసేస్తున్నాడు. సగం మాటల చివర్న మిషన్ చప్పుడు దూరింది. నేను మళ్ళీ పాడమనలేదు. బయట వాన తెరిపిచ్చి, ఎండ గదిలోకొచ్చి, మంచం మీద పడి వెళ్ళిపోయింది.

ఆఖరి స్వరం మిగిలింది. అత్త పట్టుకుంది. చిటిక వేసేంతసేపు నిలిచి విరిగిపోయింది.

“చాలు,” అన్నాను. “మిగతాది నేను సాగదీస్తా అత్తయ్యా. బండిల్లో దానికీ ఒకటుంది.”

“ఎంత పొడుగు?”

“మీరు ఎంతంటే అంత.”

“కోరస్ మొత్తం... పాడినంత,” అంది.

ఆ ముక్కల్ని కుట్టడానికి నాకు మిగిలిన వానలన్నీ పట్టాయి. మిషన్ చప్పుడు తీశాను, ఊపిరి తీశాను, మాటని మాటతో అతికాను. చివరి స్వరాన్ని పట్టుకుని సాగదీశాను. అది పొడుగవుతూ పోయింది, ఎక్కడా వణకలేదు. నా జన్మలో అంత బాగా ఏ పనీ చెయ్యలేదు. పంపే ముందు ఆవిడ వినాలి కదా అని చిన్న స్పీకరు తెచ్చి మంచం పక్కన పెట్టాను. మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

పాట నడుస్తున్నంతసేపూ అత్త కళ్ళు మూసుకుని ఉంది. తాళం వేళ్ళతో దుప్పటి మీద వేసింది. చివరి స్వరం వచ్చింది. ఆవిడ పెదాలు తెరుచుకున్నాయి. పాత అలవాటు, వెనక వరసలోంచి అందుకున్నట్టు, ఆ స్వరాన్ని తనూ అందుకుంది. రెండు గొంతులూ ఒక్క క్షణం కలిశాయి. తర్వాత ఆవిడది తెగిపోయింది. ఊపిరి లాక్కుని మళ్ళీ అందుకుంది, మళ్ళీ తెగింది. మూడోసారి పెదాలు కదిలాయి కానీ చప్పుడు రాలేదు. స్పీకరులో స్వరం అలా సాగుతూనే ఉంది.

అత్త కళ్ళు తెరిచి స్పీకరు వంక చూసింది. భయపడ్డ మనిషి చూపు. ఆ ఇంట్లో ఆవిడ దేనికైనా భయపడడం నేను చూడడం అదే మొదటిసారి.

“పక్కావిడ... ఆగట్లేదే,” అంది.

“ఆపమంటారా?”

“అది ఊపిరికి... ఆగితేగా... నేను అందుకునేది.”

ఆపేశాను. గదిలో మిషన్ చప్పుడు, దాని వెనక ఆవిడ ఊపిరి. ముగ్గురం దాన్నే వింటూ ఉన్నాం. ఆవిడ దుప్పటి భుజాల దాకా లాక్కుంది.

“పంపించెయ్. పేరు పెద్దక్షరాలతో... వెయ్యమను. నాకు మాత్రం... మళ్ళీ వినిపించకు.”

ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద పేరు ఎంత పెద్దగా ఉందంటే, అత్త కళ్ళజోడు లేకుండా చదివింది. ఆ అట్టని ఎదురు గోడకి కొట్టించుకుంది. పాత కోరస్ వాళ్ళు ఫోన్లు చేసి, ఈ వయసులో ఆ ఊపిరేంటమ్మా, ఏం తింటున్నావు అని అడిగారు. నేనే మాట్లాడి పెట్టేశాను. మా ఆయన అందరికీ చెప్పుకున్నాడు. ఆ చివరి స్వరాన్ని తన ఫోన్‌కి రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు. వద్దని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అది మోగినప్పుడు అతని మొహం చూసి మానుకుంటాను.

వానలు వెళ్ళిపోయాయి. నేను పని మేడ మీంచి కిందికి, అత్త పక్కగదిలోకి మార్చుకున్నాను. హెడ్‌ఫోన్లు ఒక చెవికే పెట్టుకుంటాను. రెండో చెవి గోడ అవతల ఉంటుంది. లాగడం, ఆగడం, ఈల, వదలడం. మిషన్ గురగురలోంచి దాన్ని విడదీసి వినడం ఇప్పుడు నాకు బాగా వచ్చు. ఆగడం మాత్రం రోజురోజుకీ పొడుగవుతోంది.

మా ఆయన ఫోన్ ఇంట్లో మరిచిపోయి డిపోకి వెళ్తుంటాడు. అది మోగుతుంది. అత్త స్వరం మొదలై ఇల్లంతా నిండుతుంది, ఎక్కడా తెగకుండా, ఊపిరికి ఆగకుండా. అది మోగుతున్నంతసేపూ నాకు గోడ అవతల ఏమీ వినపడదు. అందుకే చేతిలో ఏ పనున్నా పడేసి, పరిగెత్తుకెళ్ళి దాన్ని ఆపేసి, గుమ్మంలో నిలబడి వింటాను.